తిరుపతి దగ్గర లాయరు లోక్‌సభ స్పీకర్ అయ్యారంటారు, ఎవరాయన?

మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1891లో తిరుచానూరులో పుట్టారు. మొదట లెక్కల మాస్టారు. తర్వాత మద్రాసులో లా చదివి, 1915 నుంచి దాదాపు ముప్పై అయిదేళ్లు వకీలుగా ఉన్నారు. పాత తీర్పులన్నీ నోటికొచ్చేవట, అందుకే ‘నడిచే డైజెస్ట్’ అనేవారు.

1934లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. అక్కడ తెల్లదొరల ప్రభుత్వాన్ని ఎంతగా కాల్చుకుతిన్నారంటే, ఒక పత్రిక ఆయనకు ‘అసెంబ్లీ ఎండెన్’ అని పేరు పెట్టింది. ఎండెన్ అంటే 1914లో మద్రాసు రేవులో చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక. ఇంతకన్నా మంచి బిరుదు ఉంటుందా! నడుమ జైలుకూ వెళ్లొచ్చారు.

1950లో అంచనాల కమిటీకి తొలి అధ్యక్షుడు. సర్కారు ఖర్చును పద్దు పద్దుగా నిలదీసే పని అది. లెక్కల మాస్టారికి, వకీలుకు ఇద్దరికీ చేతినిండా పనే. 1952లో తిరుపతి నుంచి గెలిచి తొలి లోక్‌సభకు డిప్యూటీ స్పీకర్ అయ్యారు. తొలి స్పీకర్ మవ్‌లంకర్ 1956లో కన్నుమూయడంతో స్పీకర్ కుర్చీ ఈయనకొచ్చింది. 1957లో చిత్తూరు నుంచి గెలిచి మళ్లీ స్పీకరే. 1962లో బీహార్ గవర్నరుగా వెళ్లారు. 1978లో పోయారు.