రెండేళ్ళని ఎనిమిదేళ్ళు చెయ్యమంటున్నారక్కా!

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గుంటూరులో ఎం.ఫార్మసీ, హైదరాబాద్‌లో రెండేళ్ళు రెగ్యులేటరీ అఫైర్స్ (మందులకి ప్రభుత్వ అనుమతి తెచ్చే పని) ఉద్యోగం, ఇక్కడ అమెరికాలో మాస్టర్స్. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే అనుమతి) మొదలై నలభై రోజులైంది. ఉద్యోగం లేకుండా ఉండనిచ్చే 90 రోజుల్లో దాదాపు సగం కరిగిపోయాయి. కన్సల్టెన్సీ ఆయనేమో "రెండేళ్ళ అనుభవమంటే ఎవరూ పిలవరు, రెజ్యూమేలో ఎనిమిది పెడదాం" అంటున్నాడు. నీ టెన్షన్ నాకు కొత్త కాదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద చాయ్ తాగుతూ ఒకాయన నాకూ ఇదే సలహా ఇచ్చాడు. అప్పట్లో ఆరేళ్ళు చాలన్నాడు, అంతే తేడా.

పెట్టకు. సాఫ్ట్‌వేర్‌లో ఎలా నడుస్తుందో నాకు తెలీదు గానీ మన పనిలో పావుగంటలో దొరికిపోతావు. "చివరగా ఫైల్ చేసిన ఆండా (జెనెరిక్ మందుకి అనుమతి అడిగే దరఖాస్తు) ఏ డోసేజ్ ఫారం? ఏం క్వెరీలు వచ్చాయి? సీఆర్‌ఎల్ (లోపాలు సరిచేస్తేగానీ అనుమతి రాదని చెప్పే ఉత్తరం) మేజరా, మైనరా? జవాబు ఎవరు రాశారు?" అని అడుగుతారు. ఎనిమిదేళ్ళు చేసినవాళ్ళకి ఒక్కో క్వెరీ వెనక ఒక్కో నిద్రలేని రాత్రి గుర్తుంటుంది. నీకేం గుర్తొస్తుంది? పైగా 2025 ఆర్థిక సంవత్సరంలో ఒక్క ఆండాకి కట్టాల్సిన ఫీజే 3,21,920 డాలర్లు. అంత సొమ్ము పెట్టిన ఫైలుని ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోరా?

ఇంకో సంగతి. ప్రతి దరఖాస్తుతోనూ వెళ్ళే 356హెచ్ ఫారం నువ్వు చూసే ఉంటావు. సంతకం దగ్గర, తెలిసి తెలిసి అబద్ధం రాస్తే నేరమని, అమెరికా చట్టాల్లో 18వ టైటిల్ 1001వ సెక్షన్ అని అచ్చువేసి ఉంటుంది. రోజూ ఆ ఫారం నింపే ఉద్యోగానికి దొంగ రెజ్యూమేతో వెళ్ళడమేమిటి?

వీసా పరంగానూ అది గోతిలో దూకడమే. స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ చదువులవాళ్ళకిచ్చే పొడిగింపు) 24 నెలలు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, నీకు ఏం నేర్పుతారో ఐ-983 అనే శిక్షణ ఫారంలో రాసి సంతకం పెట్టాలి. ఎనిమిదేళ్ళు పండిపోయినవాడికి ఏం నేర్పుతామని రాస్తారు? ముందు కాలేజీ ఇచ్చిన నీ ఐ-20 ఫారం మీదున్న సీఐపీ కోడ్ (కోర్సు ఏ రకమో చెప్పే అంకె) స్టెమ్ జాబితాలో ఉందో లేదో చూసుకో. కోర్సు పేరులో రెగ్యులేటరీ అని ఉంటే చాలదు, కోడ్ ముఖ్యం. అనుమానం ఉంటే కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే డీఎస్ఓని అడుగు, కన్సల్టెన్సీ ఆయన్ని కాదు.

నీ రెండేళ్ళు తక్కువేం కాదు. ముడిమందు తయారుచేసే డీఎంఎఫ్ వాళ్ళ వెంటపడి, వాళ్ళ ఫైలు చూడొచ్చనే అనుమతి లేఖలు (ఎల్ఓఏలు) తెప్పించావు, దరఖాస్తులో మందు నాణ్యత గురించి చెప్పే మాడ్యూల్ 3 రాశావు, నైట్రోసమీన్ (క్యాన్సర్ తేగల మలినాలు) రిస్క్ అసెస్‌మెంట్లు చేశావు. 2018 జూలైలో వల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమీన్ బయటపడ్డప్పటి నుంచి ఆ పని చేతికి తెలిసినవాళ్ళకి ఇక్కడ విలువుంది. వాటినే రాయి. ఏ మందు అని చెప్పొద్దు, అది పాత కంపెనీ రహస్యం. ఏ తరహా ప్రశ్న వచ్చింది, నువ్వేం చేశావు అన్నది చాలు.

ఇక నేను చేసిన తప్పొకటి చెప్తాను. ఉద్యోగంలో చేరి మూడో వారం. అప్పట్లో మా దగ్గర ఇంకా కాగితాలే. నీలం అట్టలు ఒక కాపీకి, ఎర్ర అట్టలు ఒక కాపీకి. శుక్రవారం రాత్రి తొమ్మిదికి పేజీలు సరిచూస్తున్నాను. ప్యాకింగ్ సెక్షన్‌లో సీసాలో వేసే సిలికా జెల్ ఒక గ్రాము అని ఉంది. స్టెబిలిటీ (మందు ఎంతకాలం పాడవకుండా ఉంటుందో చూసే పరీక్ష) బ్యాచ్ రికార్డులో రెండు గ్రాములు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. కొత్తదాన్ని, పెద్దవాళ్ళు చూసే ఉంటారులే అనుకుని అట్ట మూసేశాను.

కొన్ని నెలలకి మందులకి అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ నుంచి ప్రశ్న వచ్చింది: రెండింటిలో ఏది నిజం? తయారుచేయబోయేది ఒక గ్రాముతో, పరీక్ష పెట్టింది రెండు గ్రాములతో. మళ్ళీ స్టెబిలిటీ పెట్టాల్సి వచ్చింది. 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో సీసాలు నెలల తరబడి కూర్చున్నాయి. ఈలోగా వేరేవాళ్ళ జెనెరిక్ షాపుల్లోకి వెళ్ళిపోయింది. మా మేనేజర్ నన్ను పిలిచి "నువ్వు చూశావా?" అని అడిగారు. చూశానన్నాను. "మరెందుకు చెప్పలేదు?" నా దగ్గర జవాబు లేదు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని ఇంట్లో నేర్పిన మర్యాదని ఆఫీసుకి కూడా మోసుకెళ్ళానని ఆవిడకి ఇంగ్లీషులో ఎలా చెప్పను?

ఏఐ వస్తే మన ఉద్యోగాలు పోతాయా అని అడిగావు. 2025 జూన్‌లో ఎఫ్‌డీఏ తన ఉద్యోగుల కోసం ఎల్సా అనే ఏఐని తెచ్చింది. కంపెనీల్లోనూ వాడుతున్నారు. నేను మూసేసిన ఆ ఒక గ్రాము, రెండు గ్రాముల తేడాని ఇవాళ మెషీన్ నిమిషంలో పట్టేస్తుంది. కాబట్టి లింకులు పెట్టడం, పీడీఎఫ్‌లు సర్దడం మాత్రమే నా పని అనుకుంటే భయపడాల్సిందే. ఈసీటీడీ (దరఖాస్తుల ఎలక్ట్రానిక్ రూపం) 4.0లో కొత్త దరఖాస్తులు 2024 సెప్టెంబర్ నుంచి తీసుకుంటున్నారు, అదీ నేర్చుకో, వారం రోజుల పని. కానీ ప్లాంటుకి ఫోన్ చేసి అసలు సీసాలో ఏం వేశారో రాబట్టాల్సింది మనిషే.

ఇక్కడ మన తెలుగు పనికొస్తుంది, నవ్వకు. వేసవిలో మనకి పొద్దున్న తొమ్మిదైతే హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర. రోజూ ఆ కాల్ ఉంటుంది. "అయిపోయింది మేడమ్" అంటే అయిపోయినట్టు. "అయిపోతుంది మేడమ్" అంటే రేపో ఎల్లుండో. "అయినట్టే మేడమ్" అంటే ఇంకా మొదలుపెట్టలేదు. మా అమెరికన్ డైరెక్టర్‌కి మూడూ ఒకే ‘ఎస్’గా వినిపిస్తాయి. ఆయనకి తేడా చెప్పడానికే నాకు జీతం ఇస్తున్నారేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

మిగిలిన ఈ యాభై రోజులూ ఊరికే అప్లికేషన్లు కొడుతూ కూర్చోకు. 2025 జూలైలో ఎఫ్‌డీఏ 200కి పైగా సీఆర్‌ఎల్‌లు బయటపెట్టింది. కొత్త మందులవే, జెనెరిక్‌లవి కావు. అయినా రివ్యూయర్ బుర్ర ఎలా పనిచేస్తుందో అంతకంటే బాగా ఏ కోర్సులోనూ చెప్పరు. రోజుకి రెండు చదువు. తర్వాత ఒక మందు తీసుకో. ఆరెంజ్ బుక్‌లో (ఎఫ్‌డీఏ అనుమతించిన మందుల జాబితా) పేటెంట్లు చూడు, దాని జెనెరిక్‌కి ఏ పరీక్షలు కావాలో ఎఫ్‌డీఏ చెప్పే ప్రోడక్ట్ స్పెసిఫిక్ గైడెన్స్ చదువు, జెనెరిక్ నువ్వు ఎలా ఫైల్ చేస్తావో రెండు పేజీలు రాయి. ఇంటర్వ్యూకి పట్టుకెళ్ళు. అలా రెండు పేజీలు తెచ్చిన ఒకమ్మాయిని మేం ఎన్నేళ్ళ అనుభవమని అడక్కుండానే తీసుకున్నాం.

రెండేళ్ళున్న రెజ్యూమే నాకు పంపు, నేను చూస్తాను. ఆదివారం పది దాటాక ఫోన్ చెయ్యి. శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు, ఎఫ్‌డీఏ ఉత్తరాలు సరిగ్గా అప్పుడే వచ్చిపడతాయి.