మీ ప్రశ్నలు – మా జవాబులు: గ్రంథాలయ సెస్సు, పరిశోధన పుస్తకం

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో జీవశాస్త్ర ఉపాధ్యాయుణ్ణి. ఈ ఏటి ఇంటి పన్ను రసీదులో పన్ను 600 రూపాయలు, దాని కింద గ్రంథాలయ సెస్సు 48 రూపాయలు అని ఉంది. మా శాఖా గ్రంథాలయంలో దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు తప్ప మా ప్రాంతపు మొక్కల మీద గానీ, నేలల మీద గానీ ఒక్క పుస్తకమూ లేదు. ఈ సెస్సు ఎవరికి చేరుతుంది? అలాంటి పుస్తకాలు కావాలని అడగవచ్చునా?

జవాబు: మీ రసీదులోని లెక్క సరైనదే. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున ఈ సెస్సు వసూలవుతోంది. వసూలు చేసేది పంచాయతీ లేదా పురపాలక సంఘమే అయినా ఆ సొమ్ము వారిది కాదు. దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఈ జమ సకాలంలో జరగకపోవడం వల్లనే చాలాచోట్ల బకాయిలు పేరుకుపోయి, కొత్త పుస్తకాల కొనుగోలు వెనకబడుతోంది. మీ పంచాయతీ ఏ సంవత్సరం ఎంత వసూలు చేసింది, అందులో ఎంత జమ చేసింది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది.

రాజ్యాంగంలో ప్రభుత్వ గ్రంథాలయాలు రాష్ట్ర జాబితాలోని అంశం కాబట్టి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చట్టం చేసుకోవాలి. 1960కి ముందు ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1955 నాటి హైదరాబాదు చట్టం అమలులో ఉండేవి. ఆ రెండింటి స్థానంలో వచ్చిన ఈ చట్టాన్నే 2014 తరువాత తెలంగాణ తన పేరుతో కొనసాగిస్తోంది. అయితే మన దగ్గర చట్టం కన్నా ఉద్యమం ముందు పుట్టిందని మరువరాదు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడేనాటికి సెస్సూ లేదు, సర్కారు గ్రాంటూ లేదు. ఊరివాళ్ల చందాలే ఆధారం.

ఇక అడగడం సంగతి. తప్పకుండా అడగవచ్చు, అడగాలి. ఉద్యోగం కోసం చదివే పిల్లలూ పాఠకులే, వారి పుస్తకాలు తగ్గించమని మనం కోరనక్కర లేదు. కాకపోతే ‘సైన్సు పుస్తకాలు తెప్పించండి’ అని ఒక్క మాట రాస్తే ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది. పది పుస్తకాల పేర్లు, రచయితలు, ప్రచురణకర్తలు, ధరలతో జాబితా తయారు చేసి, మీతో పాటు మరికొందరు పాఠకుల సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పంపి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: నాకు ఏ విశ్వవిద్యాలయంతోనూ సంబంధం లేదు. చెరువుల నీటి నాణ్యత మీద సొంతంగా పని చేస్తున్నాను. అంతర్జాతీయ పరిశోధన పత్రికలలోని ఒక్కొక్క వ్యాసానికి వేల రూపాయలు అడుగుతున్నారు. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం నాకు వర్తిస్తుందా? – విశ్రాంత ఇంజనీరు, వరంగల్

జవాబు: వర్తించదు. ఈ జవాబు రాయడం మాకు కష్టంగానే ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకానికి 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు దీని కింద అందుతాయి. వైద్యం, ఇంజనీరింగు మొదలుకొని సామాజిక శాస్త్రాల దాకా దాదాపు అన్ని రంగాలూ ఉన్నాయి. కానీ అవి అందేది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలకూ కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ మాత్రమే. పౌర గ్రంథాలయాలకు అందులో చోటు లేదు. ప్రజాధనంతో కట్టిన చందా కాబట్టి, ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కనీసం ఒక్క కంప్యూటరు మీదనైనా ఈ పత్రికలు తెరుచుకోవాలన్నది మా గట్టి అభిప్రాయం.

అందాకా మీకు కొన్ని దారులున్నాయి. మన విశ్వవిద్యాలయాల పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు ‘శోధ్‌గంగ’ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి, నీటి పరీక్షల లెక్కలు వ్యాసాలలో కన్నా వాటిలోనే విపులంగా ఉంటాయి. ‘కరెంట్ సైన్స్’ వంటి మన దేశపు పత్రికలు ఉచితంగా చదువుకోవచ్చు. కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ విభాగాల నిధులతో రాసిన వ్యాసాలను అందరికీ అందుబాటులో ఉంచాలని 2014లోనే విధాన నిర్ణయం జరిగింది. వీటిలో ఎక్కడా దొరకకపోతే నేరుగా ఆ వ్యాస రచయితకే ఉత్తరం రాయండి. ఫలానా చెరువు మీద ఫలానా పని చేస్తున్నానని రెండు వాక్యాలు రాస్తే చాలామంది సంతోషంగా పంపుతారు.

ప్రశ్న: మా జిల్లా కేంద్ర గ్రంథాలయంలో వందేళ్ల పైబడిన జిల్లా మాన్యువల్ (బ్రిటిషు కాలంలో జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన గ్రంథం) ఒకటుంది. జిరాక్స్ ఇవ్వమంటే కాపీరైటు అడ్డు వస్తుందన్నారు. అది నిజమేనా? అసలు ఇంత పాత పుస్తకంతో నేటి శాస్త్రానికి పనేముంది? – పరిశోధక విద్యార్థిని, కడప

జవాబు: మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లకు హక్కు ముగుస్తుంది, నాటి ప్రభుత్వ ప్రచురణలకు అది ఎప్పుడో ముగిసింది. హక్కు మిగిలి ఉన్న పుస్తకమైనా, దేశంలో అమ్మకానికి దొరకనిదైతే గ్రంథాలయ అవసరం కోసం మూడు ప్రతులకు మించకుండా నకలు తీసుకోవడానికి 1957 నాటి కాపీరైటు చట్టం గ్రంథాలయాధికారికి వీలు కల్పించింది. సొంత పరిశోధనకు సముచితమైన మేరకు వాడుకోవడానికీ అదే చట్టంలో అనుమతి ఉంది. అయితే జిరాక్స్ కన్నా ఫోటోలు తీసుకోవడమే మేలని మా సలహా. ఈ జవాబు రాస్తున్న వ్యక్తి ఒక గ్రంథాలయంలో అలాంటి మాన్యువల్‌నే చేతిలోకి తీసుకున్నాడు. అట్టలు ఊడిపోగా పురికొసతో కట్టి ఉంచారు. పేజీ తిప్పిన ప్రతిసారీ అంచు అప్పడంలా విరిగి బల్ల మీద రాలింది. దానిని యంత్రం మీద బోర్లించి నొక్కితే మిగిలేది పొడే.

మీ రెండో ప్రశ్నకు జవాబు మీ జిల్లాలోనే ఉంది. కలివి కోడి అనే అరుదైన పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంట పడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు కడప ప్రాంతంలో దానిని మళ్లీ కనుగొన్నారు. ఎక్కడ వెతకాలో సూచించినవి పాత పక్షిశాస్త్ర రచనలలోని చోట్ల పేర్లు. వెతికి పట్టిచ్చిన వారు ఆ చిట్టడవుల్లో తిరిగే స్థానికులు. 1864లో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెన నీరు ఎంత దూరం వచ్చిందో తెలుసుకోవాలన్నా ఆనాటి రాతలే దిక్కు. అప్పటి కొలతలను మళ్లీ తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: మా మండలపు ఔషధ మొక్కల మీద పుస్తకం సొంతంగా అచ్చు వేశాను. ప్రతులు ఎవరికి పంపాలి? – శ్రీకాకుళం

జవాబు: 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం, ప్రచురించిన 30 రోజుల్లోగా మీ సొంత ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నైలోని కన్నెమరా, ముంబయిలోని సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కొక్క ప్రతి పంపాలి. ఈ నాలుగింటిలో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు. అందువల్ల చట్టం అడిగినా అడగకపోయినా మీ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఒకటి, మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఒకటి ఇవ్వండి. ఇచ్చి ఊరుకోకుండా, పుస్తకం ప్రవేశ సంఖ్య (గ్రంథాలయ రిజిస్టరులో ఇచ్చే వరుస సంఖ్య) వేయించుకుని బీరువాలోకి చేరిందో లేదో నెల తరువాత వెళ్లి చూడండి. మొక్కల స్థానిక పేర్ల అకారాది సూచిక పుస్తకంలో లేకపోతే, విడిగా ఒక కాగితం మీద అచ్చు వేయించి వెనక అట్టకు అతికించండి. శాస్త్రీయ నామం తెలియని పాఠకుడు మొక్కను వెతికేది ఊరి పేరుతోనే.