ప్రీయాంప్ మార్చే ముందు కేబుల్ సంగతి చూడండి

పంపు బేరింగ్ మీద ఛార్జ్ రకం యాక్సిలరోమీటర్ (కంపనాన్ని విద్యుత్ ఛార్జ్‌గా మార్చే సెన్సార్) పెట్టి, ఆ సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ ద్వారా వైబ్రేషన్ కొలుస్తున్నాననీ, స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత కంపనం ఉందో చూపే గ్రాఫ్‌లో) 10 హెర్ట్జ్ లోపు పెద్ద దిబ్బ వస్తోందనీ, కేబుల్ ముట్టుకుంటే రీడింగ్ ఎగిరిపడుతోందనీ రాశారు. ప్రీయాంప్ మార్చాలా అని మీ ప్రశ్న. ఇప్పుడే మార్చకండి. ముట్టుకుంటే రీడింగ్ మారుతోందంటే ముందు పట్టుకోవాల్సింది కేబుల్‌నే.

ఈ సెన్సార్ ఇచ్చేది పికోకూలంబ్‌లలో ఉండే, అంటే అతి చిన్న ఛార్జ్. కేబుల్ ఊగినప్పుడు లోపలి ఇన్సులేషన్, షీల్డ్ ఒకదానికొకటి రాసుకుని కూడా ఛార్జ్ పుడుతుంది. ఏది మెషీన్‌దో ఏది కేబుల్‌దో ప్రీయాంప్‌కి తెలియదు, రెండింటినీ పెంచి పంపిస్తుంది. అందుకే ఇన్సులేషన్ మీద గ్రాఫైట్ పూత ఉన్న లో-నాయిస్ కేబుల్ వాడతారు. మామూలు కోయాక్సియల్ కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ ఈ పనికి రాదు. మంచి కేబుల్ అయినా గాల్లో వేలాడనివ్వకండి. సెన్సార్ దగ్గర చిన్న వంపు వదిలి, సెన్సార్ ఉన్న భాగానికే టేప్‌తో అంటించండి. కనెక్టర్‌లో తేమ, నూనె ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టండి. అక్కడ ఇన్సులేషన్ రెసిస్టెన్స్ తగ్గితే ప్రీయాంప్ రీడింగ్ నెమ్మదిగా పక్కకు జరిగిపోతుంది (డ్రిఫ్ట్).

కేబుల్ కదలకుండా చేశాక కూడా, మెషీన్ నడిచేటప్పుడు మాత్రమే దిబ్బ వస్తుంటే ఓవర్‌లోడ్‌ని, అంటే ప్రీయాంప్ తట్టుకోలేనంత పెద్ద సిగ్నల్ రావడాన్ని అనుమానించండి. నేను పనిచేసిన చోట ఒక బ్లోయర్ దగ్గర సరిగ్గా ఇదే గొడవ. ప్రీయాంప్ మార్చారు, దిబ్బ పోలేదు. ప్రీయాంప్ అవుట్‌పుట్‌కి ఆసిలోస్కోప్ తగిలిస్తే వేవ్ పైభాగాలు కోసేసినట్టున్నాయి. సెన్సార్‌ని పెయింట్ మీద మాగ్నెట్‌తో నిలబెట్టారు. ఆ మౌంటింగ్ రెజొనెన్స్ (సెన్సార్ బిగింపు తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ) కొన్ని కిలోహెర్ట్జ్ దగ్గర మోగి ప్రీయాంప్‌ని నింపేస్తోంది. అనలైజర్‌లో 1000 హెర్ట్జ్ వరకే చూస్తున్నాం కదా అనుకుంటే లాభం లేదు, అనలైజర్ ఫిల్టర్ దాకా రాకముందే ప్రీయాంప్‌లోనే సిగ్నల్ పాడైపోయింది. పెయింట్ గీకి స్టడ్‌తో (మరల మేకుతో) బిగించి, ప్రీయాంప్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గించగానే దిబ్బ పోయింది. స్టడ్ కుదరకపోతే పల్చగా తేనెమైనం రాసి అంటించవచ్చు. అయితే 40 డిగ్రీలు దాటిన బేరింగ్ మీద అది నిలవదు.

మీరు చూస్తున్నది ఎంఎం పర్ సెకండ్‌లోనా? అయితే ఇంకో సంగతి. యాక్సిలరేషన్‌ని వెలాసిటీగా మార్చేటప్పుడు ఫ్రీక్వెన్సీతో భాగిస్తారు. అంటే 2 హెర్ట్జ్ దగ్గరి నాయిస్ 200 హెర్ట్జ్ దగ్గరి అంతే నాయిస్ కన్నా వంద రెట్లు పెద్దగా కనిపిస్తుంది. పంపు స్పీడ్ 600 ఆర్‌పీఎం పైన ఉంటే 10 హెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (అంతకన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలను తీసేసేది) పెట్టుకోవచ్చు. కానీ ఓవర్‌లోడ్ లేదని తేలాకే పెట్టండి. లేకపోతే లక్షణం దాక్కుంటుంది, రోగం అలాగే ఉంటుంది.

ఇక ప్రీయాంప్ మీద అనుమానం తీరాలంటే, సెన్సార్ తీసేసి దాని కెపాసిటెన్స్‌కి దగ్గరగా ఉన్న కెపాసిటర్‌ని షీల్డ్ చేసిన చిన్న డబ్బాలో పెట్టి ఇన్‌పుట్‌కి తగిలించండి. అప్పుడు కనిపించేది ప్రీయాంప్ సొంత నాయిస్. అందులోనూ అంతే దిబ్బ ఉంటే మార్చాల్సిందే. లేదంటే సెన్సార్‌ని మళ్లీ కలిపి చేతి క్యాలిబ్రేటర్ (తెలిసిన కంపనాన్ని ఇచ్చే చిన్న పరికరం) మీద పెట్టండి. చాలా వాటిలో 159.2 హెర్ట్జ్ దగ్గర 10 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ ఆర్ఎంఎస్ వస్తుంది. వెలాసిటీలో అది 10 ఎంఎం పర్ సెకండ్ చూపించాలి.