ఫ్లోరైడ్ మీద రాస్తే గుండె జర్నల్ పిలిచింది!

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌పై నిరుడు ఒక పేపర్ వేశాను. అప్పటి నుంచి రోజూ జర్నళ్ల ఆహ్వానాలే. నిన్నయితే గుండె జబ్బుల జర్నల్ వాళ్లు ఎడిటర్‌గా ఉండమన్నారు. నమ్మొచ్చా? లేదంటే ఆపేదెలా? - ఒక లెక్చరర్, నల్లగొండ

జవాబు: గుండె డాక్టర్లకు మీతో పనేముంటుంది మేడం? పేపర్ మొదటి పేజీలో కరెస్పాండింగ్ ఆథర్ అని మీ మెయిల్ ఐడీ ఉంటుంది కదా, సాఫ్ట్‌వేర్‌తో అక్కడి నుంచే ఏరుకుంటారు. మీ పేపర్ టైటిల్ అతికించి ‘మీ అద్భుత పరిశోధన చదివాం’ అంటారు. చదివిందేమీ ఉండదు. ఆ మెయిల్ ఇంకోసారి చూడండి. ‘డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్, గ్రీటింగ్స్ ఆఫ్ ది డే’ అని మొదలై, వారంలోగా రెండు పేజీలైనా సరే పంపమంటుంది. ఫీజు ఊసుండదు. అది ‘యాక్సెప్ట్ అయింది’ అన్నాక బయటపడుతుంది.

ఇది ఎక్కడో విదేశాల్లో నడిచే దందా అనుకోకండి. హైదరాబాద్‌కు చెందిన ఒమిక్స్ సంస్థ ఫీజులు దాచిందని, సరైన పీర్ రివ్యూ (అదే రంగం నిపుణులతో పేపర్‌ను పరీక్షించడం) చేయలేదని, ఒప్పుకోనివాళ్లను కూడా ఎడిటర్లుగా చూపించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. కాబట్టి ఆ ఎడిటర్ పదవి జోలికి పోకండి. మీ పేరు చూసి రేపు మీ స్టూడెంటే డబ్బు కట్టొచ్చు.

జర్నల్ గురించి జర్నల్ వెబ్‌సైట్‌నే అడిగితే లాభం లేదు. ఐఎస్ఎస్ఎన్ (జర్నల్‌కిచ్చే గుర్తింపు సంఖ్య) ఉందంటారు. బండికి నంబర్ ఉన్నంత మాత్రాన డ్రైవర్ మంచోడని కాదు. ‘గ్లోబల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ అంటారు. జర్నల్‌లోని పేపర్లను మిగతావాళ్లు సగటున ఎంతగా ఉటంకిస్తున్నారో చెప్పే అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది క్లారివేట్ సంస్థ. ‘యూజీసీ కేర్ అప్రూవ్డ్’ అని ఇంకా రాసుకునేవాళ్లూ ఉన్నారు. కేర్ అంటే యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితా. దాన్నే ఆపేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో యూజీసీ ప్రకటించింది. పరిశోధన జర్నళ్ల డేటాబేస్ అయిన స్కోపస్ సైట్‌లో సోర్సెస్ పేజీ ఉచితం. అక్కడ ఐఎస్ఎస్ఎన్ కొట్టి, ఏ ఏడాది వరకు కవరేజీ ఉందో చూడండి, మధ్యలో తీసేసిన జర్నళ్లూ ఉంటాయి. పేరున్న జర్నళ్లకు నకిలీ సైట్లు పెట్టేవాళ్లూ ఉన్నారు కాబట్టి మెయిల్‌లోని లింక్ నొక్కి వెళ్లొద్దు.

ఇక ఆపడం. ఇలాంటి మెయిల్ అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే ఐడీ వాడుకలో ఉందని మనమే చెప్పినట్టు. రిపోర్ట్ స్పామ్ కొట్టండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, సెర్చ్ బాక్స్ చివరి గుర్తు నొక్కి, ‘గ్రీటింగ్స్ ఆఫ్ ది డే’ను ఇంగ్లిష్‌లో, కోట్స్‌లో పెట్టి ఫిల్టర్ చేయండి. డిలీట్ మాత్రం పెట్టకండి, మన ఆఫీసుల మెయిళ్లూ అలాగే మొదలవుతాయి! ఇన్‌బాక్స్‌కు రాకుండా వేరే లేబుల్‌లో పడేలా పెట్టి, వారానికోసారి చూసుకుంటే చాలు.

ప్రశ్న: అలాంటి జర్నల్‌కే పేపర్ పంపేశాను. రెండు రోజుల్లో యాక్సెప్ట్ చేశారు. వెనక్కి తీసుకోవాలన్నా ఫీజు కట్టాలంటున్నారు. టెన్షన్‌గా ఉంది. - ఒక రీసెర్చ్ స్కాలర్, మహబూబ్‌నగర్

జవాబు: ఏ ఫీజూ కట్టకండి. కాపీరైట్ ఫారం మీద సంతకం చేయకండి. పేపర్ ఉపసంహరించుకుంటున్నానని మెయిల్ పెట్టి, మీ గైడ్‌ను సీసీలో ఉంచండి. బెదిరింపు మెయిళ్లు వస్తే జవాబివ్వకుండా దాచుకోండి. తర్వాత వేరే జర్నల్‌కు పంపేటప్పుడు ఈ సంగతి ఎడిటర్‌కు ముందే చెప్పి, ఆ మెయిళ్లు జతచేయండి.