పైన పట్టు, లోపల అట్ట

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఇంట్లో ఏడాది దాటిన షిట్జు ఆడకుక్క ఉంది. రోజూ సాయంత్రం బ్రష్‌తో దువ్వుతున్నాను, వారానికొకసారి స్నానం చేయిస్తున్నాను. ఒళ్లంతా పట్టులా మెరుస్తున్నా చెవుల వెనుక, ముందుకాళ్ల చంకల్లో జుట్టు అట్టలు కట్టి గట్టి ఉండల్లా తయారైంది. గ్రూమింగ్ చేసే కుర్రాడు మొత్తం గొరిగేయడం తప్ప దారి లేదంటున్నాడు. ఇంత జుట్టు పెంచి గొరిగించడానికి మనసొప్పడం లేదు. నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ శ్రమలో లోపం లేదమ్మా, మీ బ్రష్ చేరవలసిన చోటికి చేరడం లేదు. పొడవాటి జుట్టున్న కుక్కల గురించి నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. బ్రష్ పైపొర మీద జారిపోతూ ఉంటుంది, జుట్టు చూడడానికి నిగనిగలాడుతుంది, చర్మాన్ని ఆనుకొని ఉన్న అంగుళం మేర మాత్రం చిక్కు అలాగే ముదురుతూ ఉంటుంది. ఒక స్టీలు దువ్వెన తీసుకుని, ఎక్కడో ఒకచోట జుట్టును పాపిడిలా విడదీసి, పళ్లు చర్మానికి ఆనేలా పెట్టి నెమ్మదిగా కొసల వైపు లాగి చూడండి. అది ఆగిన ప్రతిచోటా ఒక అట్ట మొదలవుతున్నట్టే లెక్క.

షిట్జులను అమ్మేవారు "ఈ జాతికి జుట్టు రాలదు" అని చెబుతుంటారు. అది సగం నిజం. రాలిన వెంట్రుక నేల మీద పడదు గనుక మన సోఫాలు శుభ్రంగానే ఉంటాయి గానీ, మెత్తని లోపలి పొర నుంచి ఊడిన ఆ వెంట్రుక పైపొర పాయల మధ్యే ఇరుక్కుపోయి, ఇంకా ఊడకుండా ఉన్నవాటిని పెనవేసుకుంటుంది. దానికి రాపిడి తోడైతే చిక్కు ముడి అవుతుంది, ముడి అట్ట అవుతుంది. చెవులు గోక్కునే చోట, నడకలో కాలు రాసుకునే చంకల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో, వేళ్ల సందుల్లో ముందుగా అట్ట కట్టేది అందుకే. మీ కుక్క వయసు కూడా ఒక కారణం. సుమారు 8వ నెల నుంచి ఏడాది దాటేదాకా పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వస్తుంది. అంతవరకు రెండు రోజులకోసారి దువ్వితే సరిపోయిన కుక్కకే ఆ దశలో రోజూ దువ్వినా చాలదనిపిస్తుంది. ఆ గడ్డుకాలం శాశ్వతం కాదు, ధైర్యంగా ఉండండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట వారానికొకసారి స్నానం. స్నానం తప్పని కాదు, చిక్కు తీయకుండా చేయించే స్నానం తప్పు. ఉన్ని బట్టను నీళ్లలో నలిపితే ముడుచుకుని గట్టిపడినట్టే, అట్ట కట్టిన జుట్టు తడిసి ఆరేసరికి ఇంకా బిగుసుకుంటుంది. పైగా అట్ట అడుగున తడి ఆరక, మీ ఊరి ఉక్కపోతలో అక్కడి చర్మం ఎర్రబడి వాసన కొడుతుంది. తలంటుకు ముందే చిక్కు తీసుకోవాలని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆడపిల్లలకు చెప్పే మాట కుక్కకూ వర్తిస్తుంది. ఒళ్లంతా దువ్వెన ఎక్కడా ఆగకుండా సాగిన తర్వాతే నీళ్లు పోయండి. మూడు, నాలుగు వారాలకొక స్నానం సాధారణంగా సరిపోతుంది. షాంపూ పెట్టేటప్పుడు బట్టలు ఉతికినట్టు గుండ్రంగా రుద్దకుండా జుట్టు వాలు వెంట చేతిని కిందికి నడపండి, తువాలుతో తుడవకుండా అద్దండి, ఆ తర్వాత గోరువెచ్చని గాలితో డ్రైయర్ పట్టి దువ్వుతూ కుదుళ్ల దాకా ఆరబెట్టండి.

దువ్వే పద్ధతి చెబుతాను. మీకు కావలసినవి రెండే: సన్నని వంపు తీగలున్న స్లిక్కర్ బ్రష్ ఒకటి, సగం ఎడంగా సగం దగ్గరగా పళ్లున్న స్టీలు దువ్వెన ఒకటి. పొడి జుట్టును దువ్వితే వెంట్రుకలు తెగుతాయి కాబట్టి, అర లీటరు నీళ్లలో కుక్కల కండిషనర్ ఒక చెంచా కలిపి, స్ప్రే సీసాతో మంచులా పడేటట్టు చల్లండి. కుక్కను పక్కకు పడుకోబెట్టి, పొట్ట దగ్గర మొదలుపెట్టి, ఎడమ చేత్తో జుట్టునంతా పైకి ఎత్తి పట్టుకుని, కింద ఒక్క వరుస మాత్రమే వదలండి. చర్మం గీతలా కనిపించాలి. ఆ వరుసను కుదుళ్ల నుంచి కొసల దాకా దువ్వాక ఇంకొక వరుస వదలండి. ఇలా వెన్నెముక దాకా వెళ్లాలి. ఒకేరోజు ఒళ్లంతా చేయబోతే మీకూ దానికీ విసుగు పుడుతుంది. ఈ రోజు కుడివైపు, రేపు ఎడమవైపు చేయండి, చెవులు, చంకలు మాత్రం రోజూ చూడండి. స్లిక్కర్‌ను చర్మానికి ఒత్తకండి, దాని తీగలు గీసుకుపోతాయి. ముందు మీ ముంజేతి మీద ఒకసారి ఆడించి చూసుకుంటే ఎంత ఒత్తిడి చాలో తెలుస్తుంది.

ఇప్పటికే ఉన్న అట్టల సంగతి పరిమాణాన్ని బట్టి ఉంటుంది. చిక్కుడు గింజంత ఉంటే కండిషనర్ నీళ్లతో తడిపి, దాని మొదలును చర్మం దగ్గర రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో కొస వైపు నుంచి కొంచెం కొంచెంగా చీల్చండి. మొదలు పట్టుకోవడం వల్ల గుంజుడు చర్మానికి చేరదు. ఇది తెలియకే చాలామంది నొప్పి కలిగించి, బ్రష్ చూడగానే మంచం కిందికి దూరే కుక్కను తయారుచేసుకుంటారు. నిమ్మకాయంత అయినా, వేలు దూరనంతగా పలకలా పరుచుకున్నా విప్పడానికి ప్రయత్నించకండి, అది హింసే. కత్తెర మాత్రం పట్టవద్దు. అట్ట తనతోపాటు చర్మాన్ని ముడతలా పైకి లాక్కుంటుంది, ఎక్కడ జుట్టు ముగిసి ఎక్కడ చర్మం మొదలవుతుందో కంటికి తెలియదు. వృత్తిలో చేరిన తొలి రోజుల్లో నేనే అలా కత్తిరించబోయి ఒక లాసా ఆప్సో జాతి కుక్క చంకలో చర్మం కోసి, రెండు కుట్లు వేయవలసి వచ్చింది.

కాబట్టి గ్రూమింగ్ కుర్రాడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు, కాస్త ఎక్కువ చెప్పాడు. చంకల్లో మాత్రం 10వ నంబరు బ్లేడున్న క్లిప్పర్‌తో, అంటే జుట్టు గొరిగే యంత్రంతో, కురచగా తీయించండి. అది బయటికి కనిపించదు, షిట్జుకు మళ్లీ పెరుగుతుంది, అసలు అక్కడ ఎప్పుడూ కురచగానే ఉంచుకోవడం మేలు. కుంటుతోందని ఎముకల ఎక్స్‌రే కోసం తెచ్చిన ఒక కుక్కకు చంకలో అట్ట తీసేయగానే మామూలుగా నడిచి వెళ్లడం నేను చూశాను. చెవి దగ్గరి పెద్ద అట్ట తీయించాక రెండు రోజులు కనిపెట్టి ఉండండి. బరువు ఒక్కసారిగా పోయేసరికి కొన్ని కుక్కలు తల అదేపనిగా విదిలించి, చెవి తమ్మెలో రక్తనాళం చిట్లి, చెవి బూరెలా ఉబ్బవచ్చు. అలా జరిగితే ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించండి.

ప్రశ్న: మా లాసా ఆప్సోకు చిక్కు సులభంగా రావాలని కొబ్బరినూనె రాసి, మేము వాడే షాంపూతోనే కడుగుతున్నాము. పరవాలేదా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ మానండి. నూనెకు దుమ్ము అంటుకుని కొత్త చిక్కు పడుతుంది, కుక్క దాన్ని నాకి విరేచనాలు తెచ్చుకుంటుంది. కుక్క చర్మం పైపొర మన చర్మం కన్నా పలుచన. మన చర్మం కొంత ఆమ్లగుణం కలిగి ఉంటే, దానిది తటస్థానికి దగ్గరగా ఉంటుంది, అందుకే మన షాంపూ దాని ఒంటిని పొడిబార్చి దురద పుట్టిస్తుంది. దురద పుట్టిన కుక్క గోక్కుంటుంది, గోక్కున్న చోట మళ్లీ అట్ట కడుతుంది.

ప్రశ్న: మా పొమరేనియన్‌కు వేసవిలో చల్లగా ఉంటుందని, అట్టల బాధ కూడా తప్పుతుందని గుండు చేయించాలనుకుంటున్నాము.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మొదటి సమాధానంలో షిట్జుకు క్లిప్పర్ వాడమన్నాను గదా అని దీనికి కూడా వాడకండి. పొమరేనియన్ జుట్టు ఒక పొడవు దాకా పెరిగి ఆగిపోయే రకం, అడుగున దట్టమైన నూగు ఉంటుంది. చర్మం దాకా గొరిగితే కొన్ని కుక్కల్లో నెలల తరబడి తిరిగి రాదు, వచ్చినా అతుకుల బొంతలా వస్తుంది. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, నాలుక చాచి రొప్పి చల్లబడుతుంది. శుభ్రంగా దువ్విన జుట్టు ఎండను చర్మం దాకా రానివ్వదు, మధ్యలో గాలి ఆడనిస్తుంది. అట్ట కట్టినదే ఆ గాలిని మూసేస్తుంది. మార్చి రాకముందే ఊడిన నూగును స్లిక్కర్‌తో వరుసవరుసగా తీసేసి, మలద్వారం చుట్టూ, పాదాల అడుగున మాత్రం కురచ చేయించండి. దువ్వేటప్పుడే చెవుల లోపలా, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి.