డాబా కారుతోంది... కాంట్రాక్టరు పలకడం లేదు

ప్రశ్న: డాబా వాటర్‌ప్రూఫింగ్‌కు 1.8 లక్షలు ఇచ్చాం. తొలి వానకే శ్లాబు కారింది. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం లేదు. రాతపూర్వక ఒప్పందం లేదు. డబ్బు వస్తుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: యూపీఐ చెల్లింపులు, వాట్సాప్ కొటేషన్ కూడా సాక్ష్యమే. తొందరపడి వేరే మేస్త్రీతో పూత వేయించకండి, పాత లోపం దాని కింద కప్పబడిపోతుంది. వాన నీటి గొట్టాలు మూసి, అంగుళం ఎత్తున నీళ్లు 48 గంటలు నిలపండి. కింద చెమ్మ ఫొటోలు తీయండి. పిట్టగోడ మొదట్లో పూత పైకి ఎక్కించారా, పగుళ్లు పూడ్చారా అన్నది సివిల్ ఇంజినీరుతో, బాగుచేత ఖర్చుతో సహా రాయించండి. తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కవరు తిరిగొస్తే చింపకుండా దాచండి, అదీ పనికొస్తుంది. అప్పటికీ కదలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయండి. పనికి చెల్లించిన సొమ్ము 5 లక్షల వరకు ఉంటే ఫిర్యాదు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.