సంచిలో ఐదు రోజుల సరుకులు

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ రెండు వారాలు సైకిళ్ల మీద తిరుగుతూ, రాత్రిళ్లు టెంట్‌లో పడుకోవాలనుకుంటున్నాం. దారిలో ఏమీ దొరకదేమోనని ఐదు రోజుల సరుకులు సర్దాను. సైకిల్ కదలడం లేదని వాడి గోల. ఎంత మోయాలి? వాగు నీళ్లు తాగొచ్చా?

జవాబు: మీ తమ్ముడి మాటే రైటు. మొదటిసారి నేనూ మీలాగే సర్దాను. తిరిగొచ్చేసరికి సగం సరుకులు అలాగే ఉన్నాయి, వెనక చక్రానికి రెండు స్పోకులు మాత్రం విరిగాయి. ఊళ్లు తగిలే దారైతే ఆ పూటకు కావాల్సింది, పైన ఇంకో పూటది చాలు. ఆ రెండోది ముట్టుకోకండి. దుకాణాలకు సెలవని తలుపు ముందు నిలబడ్డాకే తెలుస్తుంది. ఊళ్లు దూరంగా ఉన్న దారిలో కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టుకోండి. ఎదురుగాలి లేస్తే ఏ లెక్కా నిలవదు.

ఆకలేసేదాకా ఆగొద్దు. ఒకసారి ఎత్తు ఎక్కేశాక తిందాంలే అని మూడు గంటలు తొక్కాను. సగం ఎక్కేసరికి కాళ్లలో సత్తువ పోయింది, చేతులు వణికాయి, ఊరికే ఏడుపొచ్చింది. ఒంట్లో గ్లైకోజెన్, అంటే శక్తి కోసం ఒళ్లు దాచుకునే పిండిపదార్థం, అడుగంటితే అంతే. గంట దాటి తొక్కేటప్పుడు గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు పడాలి. ఓ మాదిరి అరటిపండులో 25 గ్రాములకు పైనే ఉంటాయి. అది హ్యాండిల్ దగ్గరి సంచిలో ఉండాలి. వెనక సంచి అడుగున ఉన్న తిండి లేనట్టే.

అసలు టెన్షన్ నీళ్లతోనే. లీటరు నీళ్లంటే కిలో బరువు. పగలు కొళాయిలు తగిలే దారిలో రెండు బాటిళ్లు చాలు. సాయంత్రం ఆఖరి కొళాయి దగ్గర మాత్రం మడతపెట్టే నీళ్ల సంచి తీసి మనిషికి నాలుగు లీటర్లు నింపుకోండి: వంటకు, తాగడానికి, పొద్దున బయల్దేరడానికి. ఆ బరువు చివరి కాస్త దూరానికే. నేనోసారి దీన్ని తిరగేసి చేశాను. చోటు బాగుందని ముందు టెంట్ వేసేసి, చీకట్లో నీళ్ల కోసం ఏడు కిలోమీటర్లు వెనక్కి తొక్కాను.

పారే నీళ్లన్నీ మంచివనుకోకండి. కళపెళ కాగడం మొదలయ్యాక 1 నిమిషం మరిగించాలి, 2,000 మీటర్ల ఎత్తు దాటితే 3 నిమిషాలు. క్లోరిన్ బిళ్ల తేలికే కానీ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి దానికి లొంగదు. చేతి ఫిల్టర్ దాన్ని ఆపుతుంది, బాక్టీరియానూ ఆపుతుంది. చాలా రకాల్లో వైరస్‌లు మాత్రం దాటిపోతాయి. గడ్డకట్టే చలిలో ఆ ఫిల్టర్‌ని పక్కలో పెట్టుకుని పడుకోండి, నవ్వితే నవ్వనివ్వండి. లోపలి నీరు గడ్డకడితే సన్న గొట్టాలు పగులుతాయి, పైకి తెలియదు. పురుగుమందులు కొట్టిన పొలాల నుంచి, ఫ్యాక్టరీల పక్క నుంచి వచ్చే నీటి జోలికి వెళ్లొద్దు. మరిగించినా రసాయనాలు పోవు.

ఇక మీరు సర్దిన సరుకుల్లో ఎండు పండ్లు, పప్పు గింజలు ఉంటే ఉంచండి. గాజు సీసాలుంటే ఇవాళే దించేయండి.